గుట్ట మీద లాప్‌టాప్

బీజాపూర్ నుంచి దంతెవాడ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె బాసగూడ వైపు ఒక బడిలో టీచరు. ఒళ్లో పాత లాప్‌టాప్ ఉంది. వేసవిలో దంతెవాడలోని ఒక దుకాణంలో దానికి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకుందట. అప్పటినుంచి వైఫై రావడం లేదు. బాగుచేయించడానికి వెళ్లడం ఇది మూడోసారి.

"దుకాణం అతను ఏమంటాడండీ?" అని అడిగాను.

"మీ ఇలాకాల నెట్‌వర్కే లేదు, మిషన్ మంచిగనే ఉందంటడు. తెరిచి కూడ చూడడు. ఎన్ని దినాలో ఇది పట్టుకొని గుట్టెక్కి కూసున్న సార్."

కిరందుల్‌లో నేను చేసేదీ కంప్యూటర్లు బాగుచేసే పనే. గీదంలో బస్సు ఆగినప్పుడు తీసుకుని చూశాను. పక్కనే ఉన్న నా ఫోన్ హాట్‌స్పాట్‌ను కూడా అది గుర్తించలేదు. వైఫై కార్డును నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేరే అందులో లేదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఆ నెట్ మీద డ్రైవర్ ఎక్కించాను. కాసేపటికి హాట్‌స్పాట్ పేరు తెర మీద కనబడింది. ఆ దుకాణదారును తలచుకుంటే కంపరం పుట్టింది.

ఆమె తెర వైపే చూస్తూ, "అయితే మా ఊరిది తప్పు కాదా సార్?" అంది.

"కాదండీ."

"అయినా దుకాణానికి పోత. వానికి చూపించాలె," అని లాప్‌టాప్ మూసింది. దంతెవాడలో దిగి విసవిసా నడిచి వెళ్లిపోయింది.

నేను కిరందుల్ బస్సు ఎక్కాను. లోపలి ఊళ్ల నుంచి ఫోన్ చేసినవాళ్లకు, మిషన్ చూడకుండానే, నేనూ ఎన్నోసార్లు ఆ నెట్‌వర్క్ లేదనే మాటే చెప్పాను.