కారు మెదడుకు బొట్టు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. ఇన్వర్టర్ బోర్డులు బాగుచేసే కంపెనీలో చేరి ఎనిమిది నెలలైంది. యలహంకలో మామ ఇంట్లో ఉంటూ మిక్సీ నుంచి టీవీ దాకా అన్నీ విప్పిన అనుభవం ఉంది (బిగించిన అనుభవం కాస్త తక్కువ). మామ పాత కారును నేను బతికించిన వైనం మా బంధువులు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అందులో నేను దాచిన భాగం ఒకటుంది. అది ఇప్పుడు చెబుతున్నాను.

ఆయుధపూజకు కార్లు కడిగి, పూలదండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మా వీధిలో మామూలే. ఆ ఏడు నేను అంతటితో ఆగలేదు. బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కనున్న పెట్టెను చూపించి, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఇదేనని, కారుకు ఇదే మెదడని, అసలు పూజ దీనికే చెయ్యాలని ఉపన్యాసమిచ్చాను. అత్తయ్య ముచ్చటపడి కలశం నా చేతికిచ్చింది. కుంకుమ తడిపి పెట్టెకు మూడు బొట్లు పెట్టి, పైనుంచి కలశంలో నీళ్లు ధారగా పోశాను.

వారం తిరక్కుండా కారు మొండికేసింది. ఇంజన్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. పూజకు ముందురోజే గ్రీజు తాత కొత్త హారన్ బిగించాడు (మా వీధి కార్ల మీదే నడిచే గ్యారేజీ ఆయనది, ఆ పేరు పెట్టింది మేమే). తాత వైరు తప్పుగా కలిపి కంప్యూటర్‌ను కాల్చేశాడని, పెట్టె విప్పకముందే తేల్చి చెప్పాను. మామ మా వీధి సంఘానికి పెద్ద. "ముప్పై ఏండ్లుగా నమ్మినానప్పా. అదే నిజమైతే ఈ వీధి కారు ఒక్కటీ ఆయన దగ్గరికి పోదు" అని నాతో చెప్పి, తాతను రమ్మని కబురు పంపాడు.

తాత వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. "విప్పి చూడప్పా. తప్పు నాదైతే ఒప్పుకుంటా" అన్నాడు, అంతే.

తాళం తిప్పితే మీటర్లో ఇంజన్ దీపం వెలగలేదు. వెనక సీటు కింద పెట్రోల్ పంపు చప్పుడు లేదు. ఫ్యూజులన్నీ బాగున్నాయి. మల్టీమీటర్ పెడితే పెట్టె దాకా పన్నెండు వోల్టులు వస్తున్నాయి. పెట్టెలోంచి సెన్సర్లకు పోవాల్సిన ఐదు వోల్టులు మాత్రం లేవు. హారన్ వైరు వెంట వేలు పెట్టి చివరిదాకా చూశాను. అది ఈ పెట్టె దరిదాపులకే రాలేదు. (అప్పుడే నోరు విప్పి ఉంటే రాయడానికి ఏమీ మిగిలేది కాదు.)

బ్యాటరీ ఊడదీసి, పెట్టెను వరండాలోకి తెచ్చి మూత లేపాను. ఒక పక్క మామ, ఒక పక్క తాత. వైర్లు దూరే మూలన చిలుము పట్టి పచ్చగా ఉంది. ఆ పచ్చదనం మధ్యలో ఎర్రటి మరక. ఏ ఫ్యాక్టరీ వాళ్లూ లోపల కుంకుమ పెట్టి పంపరు. చటుక్కున దాని మీద బొటనవేలు పెట్టేశాను.

"ఏముండాది లోపల?" అని మామ వంగాడు.

"కాలిన గుర్తు మామా. వైరింగు వల్లే" అన్నాను. బొటనవేలు మాత్రం తీయలేదు.

స్పిరిట్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో తోమి, బోర్డు మీద చిలుము తినేసిన కరెంటు గీత స్థానంలో సన్నటి రాగితీగ అతికి, రెండు గంటలు ఎండబెట్టాను. ఆ రెండు గంటలూ తాత మెట్టు దిగలేదు. మళ్లీ బిగించి తాళం తిప్పాను. దీపం వెలిగింది, పంపు గుయ్యిమంది, రెండో తిప్పుకి ఇంజన్ అందుకుంది. మామ నన్ను వాటేసుకున్నాడు. అత్తయ్య దిష్టి తీయడానికి లోపలికి పరుగెత్తింది. ఆ సందట్లో తాత నా దగ్గరికి వచ్చి, భుజం మీది తువ్వాలు కొస అందించి మెల్లగా అన్నాడు: "బొటనవేలు తుడుచుకో అప్పా. మీ మామ చూస్తాడు."

మరుసటి వారం నుంచి వీధి కార్లు వేరే షెడ్డుకు వెళ్లాయి. కొన్నాళ్లకు తాత గ్యారేజీ మూతపడింది. ఇప్పుడు తాత కూడా లేడు.

ఈ ఏడు పూజకు వెళ్లి మామతో అంతా చెప్పేశాను.

"ఆయప్ప చూసినాడా?" అని అడిగాడు మామ. తాత నా బొటనవేలు చూశాడన్నాను.

"చూసి కూడా ఊరికే పోయినాడా" అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత, కొత్త కారుకు బొట్టు పెట్టమని అత్తయ్య నా ముందుంచిన కుంకుమ గిన్నెను తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. తర్వాత వరండాలో బొటనవేలు దాచుకోబోయే ఆ సర్వజ్ఞుడి ముందు నుంచి, ఆ గిన్నెను ఎవరైనా ఆనాటి పూజలోనే తీసేసి ఉంటే బాగుండేది.