మల్లికార్జున బావ, మూగబోయిన ఇంజను

పోయిన నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం అంగట్లో ఒక చీర మడత విప్పి చూపిస్తుండగా మా చౌడక్క ఫోను చేసింది. "శీనా, మీ బావ అన్నం ముందర కూర్చొని అట్లే వాలిపోయినాడురా" అంది. ఆ చీర మళ్ళీ ఎవరు మడిచారో నాకు తెలియదు. ధర్మవరంలో పట్టునేతతో సంబంధం ఉన్నవారికి మల్లికార్జున బావను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. ఆయన మిద్దె మీది బొమ్మ రైలును చూడనివారి కోసం, రైలును చూసి ఆయనను సరిగ్గా చూడని నాబోటివారి కోసం ఈ నాలుగు మాటలు.

స్వయానా నా అక్క భర్త. నాకు మగ్గం నేర్పిన గురువు. మగ్గాల గదికి పైన, చెక్కబల్లల మీద ఆయన ఒక చిన్న లోకం కట్టుకున్నారు. జానెడు పొగబండి ఇంజను, వెనుక నాలుగు పెట్టెలు, చుట్టూ పట్టాలు. వంతెన కింద పోసింది ఎండిన చిత్రావతి ఏటి ఇసుకే. అందులో చుక్క నీరు పోయనిచ్చేవారు కాదు. "ఉండేది ఉన్నట్టే ఉండల్లప్పా" అనేవారు. చేలన్నీ తెగిన పట్టుపోగులే. వాటిలో పచ్చవి తక్కువ, మట్టిరంగువి ఎక్కువ. చూడవచ్చినవారు ఇంకొంచెం పచ్చగా పెట్టమంటే, "వాన పడనీ, పెడతా" అని నవ్వేవారు. వాన పడిన ఏడు నిజంగానే పిడికెడు పచ్చపోగులు అతికించారు!

ఇంజను పొట్టలో చిన్న స్పీకరు ఉంది. మీట నొక్కితే ఆవిరి బుసకొడుతుంది, కూత వేస్తుంది. బావ చిన్నతనంలో సాయంత్రం బండి కూయగానే వాళ్ళ నాయన మగ్గం దిగేవాడట, ఇంట్లో అందరికీ అన్నాలు వడ్డించేవారట. "ఆ కూతకు అన్నం వాసన ఉండాదప్పా" అనేవారు బావ. ఆయనకు ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోదీ మెల్లగా తగ్గుతోంది. "అన్నీ పోనీలే, ఈ కూత ఒకటి ఉన్నన్ని దినాలు వింటా" అని రోజూ సాయంత్రం మిద్దె ఎక్కేవారు.

పోయిన వేసవి మొదట్లో ఇంజనుకు నూనె వేయబోయి, పై డొప్పను తొందరపడి లాగాను. స్పీకరుకు పోయే వెంట్రుకంత రాగితీగ తెగింది. తెగిన కొసలు రెండూ కలిపి, మగ్గం మీద అచ్చు అతికినట్టే, వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెట్టాను. పాత పడుగు పోగులకు కొత్త పోగులు అతికే ఈ అచ్చు పనిలో నాకు మంచి పేరుంది. అతుకు కనబడనంత నున్నగా వచ్చింది. బండి కదిలింది, దీపం వెలిగింది. గొంతు మాత్రం రాలేదు.

"శీనా, ఆ అతుకు ఒకసారి చూద్దామా?" అన్నారు బావ.

"ఏం బావా, నా చేతి మీదే అనుమానమా?" అన్నాను, ముఖం మాడ్చుకుని.

నేతగాళ్ళ ఇళ్ళలో ఒకరు అతికిన అచ్చును మరొకరు తడిమి చూడరు. చూస్తే ఆ చేతిని అవమానించినట్టే. "అతికినోన్ని నమ్మకపోతే నేత సాగదు" అని నాకు నేర్పింది ఆయనే. ఆ తర్వాత అతుకు మాట ఎత్తలేదు. వేసవి అంతా మిగిలినవన్నీ వెతికారు. చప్పుడు ఆపే మీట పొరపాటున నొక్కుకుందేమో చూశారు. శబ్దం హెచ్చుతగ్గులు సరిచేశారు. చక్రాలు, పట్టాలు గుడ్డతో తుడిచారు. ఇంజను అమరికలన్నీ చెరిపి మొదటి నుంచి అమర్చారు. నేను పక్కన కూర్చుని, "పారేసి కొత్తది తెప్పించు బావా" అని సతాయించాను. ఆ నెలల్లోనే ఆయనతో మాట్లాడటానికి మేమందరం గొంతు పెంచాల్సి వచ్చింది. అది నేను గమనించాను. గమనించీ నా పట్టు వదల్లేదు.

వానకాలం వస్తుండగా బోరు మోటారు కాలిపోయి, వైండింగు షాపులో కూర్చున్నాను. అక్కడ రాగితీగ కొసలను బ్లేడుతో గీకి, ఆ తర్వాతే కలుపుతున్నారు. తీగ మీద కంటికి కనబడని పూత ఉంటుంది. అది పోకపోతే కరెంటు దాటదు. పట్టుకు లేని చొక్కా రాగికి ఉంది. నా చేయి ఎంత నున్నగా మెలిపెట్టినా ఆ పూత మీదే మెలిపెట్టింది.

నేరుగా మిద్దె ఎక్కి, బావ ముందరే డొప్ప విప్పాను. కొసలు గీకి మళ్ళీ అతికాను. మీట నొక్కితే కూత ఇల్లంతా పాకింది. కింద వంటింట్లోంచి అక్క గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "కూసిందే! ఏమప్పా, నా గుండె ఆగిపోయుండేది!"

బావ రెండు వేళ్ళు ఇంజను మీద ఆనించి, అక్క ముఖంలోకి చూస్తున్నారు.

"వినపడిందా బావా?" అని గట్టిగా అడిగాను.

"మీ అక్క మొగం చూడప్పా, ఎంత బాగా కూసిందో" అన్నారు.

జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. నా చేయి పట్టుకుని, "చేయి మంచిదే. తీగ వేరే, అంతే" అన్నారు. ఆయన ఆ కూత విన్నారో లేదో మళ్ళీ అడిగే ధైర్యం నాకు కలగలేదు. ఇక అడగలేను.

కర్మకాండ ముగిసిన సాయంత్రం అక్క కోరితే బండి నడిపాను. కూత బాగానే వచ్చింది. అక్క లేచి వెళ్ళి అందరికీ విస్తళ్ళు వేసింది. ఓర్పుకు, నమ్మకానికి మారుపేరైన ఆ మనిషికి నేను మొక్కగలిగింది అంతే. ఈ ఏడు వాన పడితే పిడికెడు పచ్చపోగులు నేనే అతికించాలి. "నా అతుకు ఒకసారి చూడు బావా" అని అడగడానికే మనిషి లేరు.