గార్లలో లేని సముద్రం

ఓడలు మునిగిన కథలను నటులతో మళ్లీ ఆడించి చూపే డాక్యుమెంటరీలంటే నాకు పిచ్చి. జనగామలో సముద్రం ఊసే లేకుండా పుట్టి పెరిగినందుకేమో. "నువ్వు చూసేది ఓడను కాదు, తప్పులను" అని మా వారు ఏడిపిస్తుంటారు. నిజమే, ఓడ ఎటు ఒరిగింది, లైఫ్‌జాకెట్ ఆ కాలానిదేనా అని చూడందే నాకు తోచదు. గత నెల చూసినదాంట్లో, నాలుగేళ్ల కింద తుఫానులో మునిగిన ఒక సరుకు ఓడ గురించి చెప్పారు. ఓడ విషయంలో ఎక్కడా వేలెత్తి చూపలేకపోయాను. గల్లంతైన వంటమనిషి లింగన్నది మా పక్క జిల్లాలోని గార్ల అన్నారు. అతని భార్య మాత్రం కొబ్బరిచెట్ల కింద, సముద్రపు ఒడ్డున గాజులు పగలగొట్టుకుంటోంది! గార్లలో మిర్చి చేలున్నాయి గానీ సముద్రం ఎక్కడిది? ముందు నవ్వొచ్చింది. తర్వాత, తప్పు అదొక్కటేనా అన్న అనుమానం పట్టుకుని బయలుదేరాను.

జనగామలో పొద్దున రైలెక్కితే రెండు గంటలు అటూ ఇటూగా మహబూబాబాద్. ఇక్కడివాళ్లకు అది మానుకోటే. ఛార్జీ వంద లోపే. స్టేషన్ బయట ఇడ్లీ తిని గార్ల బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. డోర్నకల్ దాటాక దారికి రెండు వైపులా ఎర్రటి మిర్చి కల్లాలు, ఆ ఘాటుకు బస్సంతా తుమ్ములు. గార్లలో దిగి ఆటో అతన్ని లింగన్న ఇల్లు అడిగితే వెంటనే ఎక్కించుకున్నాడు. ఆ ఇంట్లో ఈరోజు పసుపు దంచుతున్నారనీ, లింగన్న తమ్ముడి కూతురికి పెళ్లనీ తనే చెప్పాడు. కార్యం ఉన్న ఇంటికి చెప్పకుండా వెళ్తున్నానని సిగ్గేసింది.

లింగన్న భార్య లచ్చక్క నన్ను చూసి ఏమీ అనుకోలేదు. చాప వేసి, చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది. నుదుటన పెద్ద బొట్టు, రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు. ఆమెను చూస్తుంటే సినిమాలో ఆమెలా నటించిన తెల్లచీర మనిషి నా కళ్లముందు మెదిలి, నాకే ఏదోలా అయింది.

"మనిషి దొరకలే అక్కా. దినాలు చెయ్యలే. నేను గాజులెందుకు తీస్త?" అంది.

ఆ సినిమా వచ్చినప్పటి నుంచి పేరంటాలకు పిలుపులు తగ్గాయట. తీసినవాళ్లకు ఫోన్ చేస్తే, కొన్ని సన్నివేశాలు కల్పితమని మొదట్లోనే రాశామన్నారట. ఇప్పుడు పెళ్లికొడుకు తరఫువాళ్లు భూపాలపల్లి నుంచి కబురు పంపారు, పసుపు దంచేటప్పుడు ఆమె రోకలి పట్టకూడదని. తను పెంచిన పిల్ల పెళ్లి. చెబుతున్నంతసేపూ ఆమె గొంతు మామూలుగానే ఉంది, నాకే కోపం వచ్చింది.

అంతలో ఆమె నన్నొక మాట అడిగింది. ఓడలో వంటగది నిజంగా సినిమాలో చూపినట్టే ఉంటుందా అని. ఉంటుందన్నాను, అలలకు గిన్నెలు జారకుండా పొయ్యి చుట్టూ కడ్డీ కూడా సరిగ్గానే పెట్టారన్నాను.

"మా ఆయన ఫోన్ల గదే చెప్తుండె. నేను ఎన్నడు సూడలే కద, అందుల్నే సూసిన. గాజుల కాడికి రాంగనే బంద్ చేస్త."



మధ్యాహ్నం పెళ్లికూతురికి చీర తీసుకుని కాబోయే అత్తగారు వచ్చింది. వాకిట్లో రోలుకు పసుపు రాసి, పసుపు కొమ్ములు పోశారు. అయిదుగురు ముత్తయిదువలు కావాలి, నలుగురే నిలబడ్డారు. లచ్చక్క తనంతట తానే లోపలికి వెళ్లబోయింది. లింగన్న తల్లి రాజవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, రోకలి అందించి, వియ్యపురాలి వైపు తిరిగింది.

"నా కొడుకు సచ్చిండని నేనింక అనలే. నేననక ముందే టీవీవోళ్లెట్ల అంటరు, మీరెట్ల అంటరు?"

వియ్యపురాలు కుంకుమ భరిణె తీసి నలుగురికీ బొట్టు పెట్టింది. లచ్చక్క దగ్గర వేలు కుంకుమలోనే ఆగిపోయింది. చివరికి పెట్టింది. లచ్చక్క మొదటి పోటు వేసింది.

తిరుగు రైల్లో ఆ తీసినవాళ్ల గురించే ఆలోచించాను. పొయ్యి చుట్టూ ఉండే కడ్డీ కోసం ఎవరినో అడిగి ఉంటారు. ఆ ఇంట్లో ఏడ్చారా, ఎదురుచూస్తున్నారా అని మాత్రం ఒక్క ఫోన్ చేసి కనుక్కోలేదు. గార్లకు సముద్రం తెచ్చిపెడితే నవ్వుకుని ఊరుకుంటాం. బతికున్నాడో లేడో తెలియని మనిషికి దినాలు చేసిపెడితే, ఆ భారం మోసేది ఆయన పెళ్లాం. ఓడలో తప్పులు వెతకడం నేను మానను గానీ, ఇకమీదట ఇంటిని కూడా అంత శ్రద్ధగానే చూస్తాను.

ఒక్క సలహా. సాయంత్రమయ్యేకొద్దీ గార్ల నుంచి బస్సులు తగ్గుతాయి, పొద్దున్నే వెళ్లండి. ఆ ఇంటికి వెళ్లే పని పడితే మానుకోట బస్టాండు దగ్గర పూలు దొరుకుతాయి. లింగన్న ఫొటోకు దండ కొనకండి, లచ్చక్క తలలోకి మల్లెలు కొనండి.