పీకేసిన అక్షరాలు

గోదాములో ముప్పై నాలుగేళ్లు చెక్కపెట్టెల మీద పేర్లు వేసిన మనిషికి అక్షరాల గురించి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. అక్కడ అందరూ ఆయన్ని స్టెన్సిల్ బాబాయి అనేవారు. దళసరి అట్ట మీద అక్షరం గీసుకోవాలి, కత్తితో దాన్ని కోసి తీసి పారేయాలి, మిగిలిన అట్టను పెట్టెకు ఆనించి ఆ ఖాళీలోంచి నల్లరంగు అద్దాలి. ఆయన ఉద్యోగమంతా ఇదే. "జీతం తీసుకుని కన్నాలు పెట్టానమ్మా" అని కూతురితో చెప్పి తనే నవ్వుకునేవాడు. నవ్వులాటకి అన్నాడు గానీ, చివరికి కొంప ముంచింది ఆ అలవాటే.

రిటైరయ్యాక ఇంట్లో ఆయనకి తోచేది కాదు. కూతురు గ్రీటింగ్ కార్డులు చేసుకుందామని ఒక కటింగ్ మిషన్ కొని భోజనాల బల్ల మీద పెట్టింది. చిన్న సూట్‌కేసంత ఉంటుంది. కంప్యూటర్లో అక్షరం గీస్తే చాలు, లోపల సన్నటి బ్లేడు అటూ ఇటూ పరిగెత్తి స్టిక్కరు షీటును కోసేస్తుంది, అడుగున ఉన్న కాగితం మాత్రం తెగదు. మొదటి రోజు బాబాయి నోరెళ్లబెట్టి చూశాడు. రెండో రోజుకల్లా ఆ కుర్చీ ఆయన సొంతమైపోయింది. అన్నం తినేవాళ్లు పళ్లాలు ఒళ్లో పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆయన అన్నయ్య విమానాల మెకానిక్. తాను మొట్టమొదట చెయ్యి పెట్టిన విమానానికి మూరెడు పొడవున బొమ్మ చేస్తూ ఆరేళ్లు కూర్చున్నాడు. రెక్కల మీద రివెట్లు కూడా లెక్క తప్పలేదు, అంత చాదస్తం! ఇక మిగిలినవి అక్షరాలే. తోక మీద నంబరు, తలుపు పక్కన హెచ్చరికలు, రెక్క మొదట్లో "అడుగు పెట్టరాదు". సరిగ్గా అప్పుడే కళ్లకు జబ్బు పట్టుకుంది. ఎక్కడ చూసినా నడిమధ్యలో ఒక మచ్చ. మందుతో ఆగే రకం కాదని, మహా అయితే రెండు నెలలని, ఆ తర్వాత వెలుగూ నీడా తప్ప తెలియదని డాక్టరు చెప్పేశాడు.

"ఒరేయ్, బొమ్మను అట్టపెట్టెలో పెట్టి పంపిస్తున్నాను," అని అన్నయ్య ఫోన్ చేశాడు. "అక్షరాలు నువ్వే వెయ్యాలి. పూర్తయ్యాక నా కళ్లతో ఒక్కసారి చూసుకుంటే చాలురా."

"అదెంత పని అన్నయ్యా? పది రోజుల్లో పట్టుకొస్తాను," అన్నాడు తమ్ముడు.

మామూలు స్టిక్కరు షీటు ఆ పనికి ఆగలేదు. బియ్యపు గింజంత అక్షరాలాయె, బ్లేడు తగలగానే చిరిగి ఉండకట్టేవి. పల్చటి ఫిల్ము కావాలి, అది కూతురి దగ్గర ఒక్కటే షీటు ఉంది. లెక్క చూస్తే రెండు వైపులకూ బొటాబొటిగా సరిపోతుంది. ఆదివారం తండ్రీకూతుళ్లు ఊపిరి బిగబట్టి ఎడమవైపు అక్షరాలు కోశారు. చుట్టూ ఉన్న ఫిల్మును కూతురు ట్వీజరుతో ఒలిచి పారేసింది. కాగితం మీద మిగిలిన అక్షరాలను పారదర్శకపు టేపుతో ఎత్తి విమానానికి అంటించారు. ముత్యాల్లా వచ్చాయి.

సోమవారం కూతురు ఆఫీసుకు పోయింది. కుడివైపు తానొక్కడే చేసి ఆమెను ఆశ్చర్యపరచాలని బాబాయికి సరదా పుట్టింది. మిషన్ చక్కగా కోసింది. ఆయన భూతద్దం పెట్టుకుని, ట్వీజరు పట్టుకుని, పాత పాటేదో కూనిరాగం తీస్తూ ఒక్కో అక్షరాన్నీ పీకి చెత్తబుట్టలో వేశాడు. మూడు గంటల పని. ఒక్క అంచు చెదరలేదు. అంత నైపుణ్యంగా తన జన్మలో ఏ పనీ చేయలేదనుకున్నాడు.

సాయంత్రం కూతురు వచ్చి షీటును దీపం కింద పెట్టి చూసింది.

"నాన్నా, అక్షరాలేవి?"

"కళ్లెదురుగా ఉంటే అడుగుతావేంటే? ఇవిగో," అని ఖాళీలు చూపించాడు. అనేసిన తర్వాత ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. చెత్తబుట్ట గుమ్మరించి చూస్తే, అంటించాల్సిన అక్షరాలన్నీ ఒకదానికొకటి అంటుకుని నల్లటి ముద్దయి ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ల అలవాటు చేతిలో కూర్చుని ఆ పని చేసేసింది, మనిషిని అడగనైనా అడగలేదు.

మిగిలిన ఫిల్మునే అచ్చుగా వాడి రంగు అద్దుదామని ఒక డబ్బా మూత మీద వేసి చూశాడు. రంగు అంచుల కిందికి పాకి, అక్షరాలు తొక్కేసిన చీమల్లా తయారయ్యాయి. ఆరేళ్ల కష్టం మీద ఆ ప్రయోగం చేయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. కొత్త ఫిల్ముకు ఆర్డరు పెడితే మూడు వారాలన్నారు. మూడు వారాలయ్యాక స్టాకు లేదన్నారు. బాబాయి ఆ కొట్టువాడి మీద అరిచాడు, మిషన్ని తిట్టాడు, కూతురితో రెండు రోజులు మాట్లాడలేదు. పాపం ఆ పిల్లేం చేసింది? తన మీద తనకున్న కోపం అది, పోవడానికి చోటు లేక ఇంట్లోనే తిరిగింది.

అన్నయ్య మొదట్లో రోజూ ఫోన్ చేసి "అయిందా?" అనేవాడు. తర్వాత మానేశాడు. ఒక పొద్దున వదిన చేసింది.

"ఏమయ్యా, మీ అన్నయ్య గడియారం ఎదురుగా పెట్టుకుని టైమెంతని నన్ను అడుగుతున్నారు. ఎంతవరకు అయితే అంతవరకే పట్టుకురా."

బాబాయి అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. "కుడివైపు కాలేదు అన్నయ్యా, తప్పు నాదే" అని ముందే చెప్పేయాలనుకున్నాడు. తీరా గుమ్మంలో అన్నయ్య చేతులు చాచి నిలబడి ఉంటే ఆ మాట దాటేశాడు. అక్షరాలున్న వైపు ఆయనకు కనపడేలా పట్టుకుని విమానాన్ని చేతుల్లో పెట్టాడు.

అన్నయ్య వెలుగు కోసం కిటికీ దగ్గరకు నడిచి, విమానాన్ని అటు తిప్పి పట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన ముఖానికి ఎదురుగా ఉన్నది కుడివైపు. ఒక్క అక్షరమైనా లేని వైపు. ఎక్కడ చెరిగిపోతుందోనని వేలు తగలనివ్వకుండా, కడుపు కింద అరచెయ్యి ఆనించి, కళ్లకు ఆనుకునేంత దగ్గరగా పెట్టుకుని తోక నుంచి ముందుదాకా నెమ్మదిగా చూశాడు.

"భలే వేశావురా," అన్నాడు. "నంబరు ఎంత నిటారుగా వచ్చిందో."

బాబాయి విమానం వైపు చెయ్యి చాచాడు. ఇటు తిప్పి చూపించాలా? తిప్పితే మాత్రం ఏం కనిపిస్తుంది? వదిన వంక చూశాడు. ఆవిడ గోడకు ఆనుకుని, వద్దన్నట్టు తల ఊపింది.

"రెండోవైపూ ఇలాగే ఉందా?" అని అడిగాడు అన్నయ్య.

"అచ్చం ఇలాగే ఉంది అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.