దీంట్లోకి ఏం నంజుకోవాలి?

మా అక్క ఏ జపాన్ యానిమే బొమ్మల సినిమానీ జత లేకుండా చూడమనేది కాదు. "ఒట్టి పప్పన్నం ఎవరైనా తింటారటే? ఇది చూశాక అది నంజుకో" అనేది. ఏడిపించే యుద్ధం కథకి, అలాంటి ఊళ్లోనే అలాంటి పిల్లలు నవ్వుకునే కథ జతచేసేది.

ఆసుపత్రి మంచం మీంచి చివరగా ఒకటి చెప్పింది. అక్కాచెల్లెళ్ల కథ, ఇద్దరిలో ఒకరే మిగులుతారు.

"దీంట్లోకి ఏంటక్కా?"

"ముందు చూసి రావే, చెబుతాను."

చూసి వెళ్లేసరికి అక్క నోట్లో గొట్టం ఉంది. మళ్లీ మాట్లాడలేదు.

'ఇలాంటివే మరికొన్ని' అంటూ యాప్ ఏవేవో నా మొహాన పరిచింది. దాని మొహం, దానికేం తెలుసు మా అక్క రుచి!

పెద్దకర్మ రోజు, గుణదలలో మా ఇంటి ముందు టెంటులో భోజనాలు. విస్తట్లో పప్పు పడింది. వెనకే ఆవకాయ వచ్చింది.

"వెయ్యమంటారా అండీ?"

"వద్దండీ" అన్నాను. ఒట్టి పప్పన్నమే కలుపుకున్నాను.