యూనిట్ రాయని అంకె

మా చెల్లికి నా కిడ్నీ ఒకటి ఇవ్వవచ్చని తేలిన రోజున నా బరువు తొంభై రెండు కిలోలు. రక్తం గ్రూపు కుదిరింది. మిగతా పరీక్షలన్నీ ఒకదాని వెంట ఒకటి కుదిరాయి. నేనే కుదరలేదు. రాయ్‌పూర్‌లోని ఆ పెద్ద ఆసుపత్రిలో డాక్టరుగారు నా ఎత్తు కొలిచి, బరువు చూసి, నా పొట్ట వైపు కాసేపు మర్యాదగా చూసి, "పన్నెండు కిలోలు తగ్గి రండి. ఎనభైకి దిగితేనే మిమ్మల్ని టేబులెక్కిస్తాం" అన్నారు.

చెల్లి వాళ్లాయన గ్రూపు కలవలేదు. మా అమ్మానాన్నలు లేరు. అంటే దానికి ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక్క కిడ్నీ నా పొట్ట వెనకాల, ఇరవై ఏళ్ల సమోసాల చాటున ఉంది.

బరువును తేలిగ్గా తీసుకునే వంశం మాది. పలాస వైపు నుంచి మా తాత రైల్వే గ్యాంగ్‌మన్‌గా బిలాస్‌పూర్ వచ్చినప్పుడు గాలికి ఎగిరిపోయేలా ఉండేవాడట. మా నాన్న ఇంజన్ల షెడ్‌లో పనిచేస్తూ కాస్త నిలదొక్కుకున్నాడు. నేను గూడ్స్ ఆఫీసులో కుర్చీ ఎక్కాను, ఆ తర్వాత కుర్చీయే నన్ను మోస్తూ వచ్చింది.

ఆఫీసు సంగతి ఇక్కడే చెప్పాలి, జరిగిన తప్పుకి మొదలు అక్కడే ఉంది కాబట్టి. మాది బొగ్గు బండ్ల లెక్క. ఏ రేకులో, అంటే ఏ గూడ్స్ బండిలో, ఎంత బొగ్గు వెళ్లిందో రోజంతా రాస్తాం. అంకె పక్కన టన్నులని ఎవరూ రాయరు. రాసిన కొత్త క్లర్కుని చూసి నవ్వుతారు. అక్కడ యూనిట్ అందరికీ తెలిసిన విషయం. నా ఉద్యోగమంతా అలా వట్టి అంకెలు రాస్తూనే గడిచింది. మా లెక్కలో నేను సున్నా పాయింట్ సున్నా తొమ్మిది. తగ్గాల్సింది సున్నా పాయింట్ సున్నా ఒకటి. అంత చిన్న తేడాని మా ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు. నేనూ మొదట అలాగే ధైర్యంగా ఉన్నాను.

చెల్లి లెక్క వేరు. అప్పటికి ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తోంది. వెళ్లగానే తూస్తారు, అయ్యాక మళ్లీ తూస్తారు. దాని అసలు బరువు నలభై ఎనిమిదని డాక్టర్లు తేల్చారు. ఆ పైన ఉన్నదంతా ఒంట్లో నిలిచిన నీరు, దాన్ని మిషన్ తీస్తుంది. అందుకని దానికి కిలో అంటే లీటరు. వంద గ్రాములంటే ఒక టీ. ఎండాకాలంలో కూడా అర లీటరు సీసా ముందు పెట్టుకుని, మూతతో కొలుచుకుని తాగేది.

"నాలుగు గంటలు మంచమ్మీద తొంగుని రెండున్నర కిలోలు దించుకొస్తన్నాను అన్నయ్యా. నువ్వు వారానికి పావుకిలో! సిగ్గులేదేటి?" అనేది.

"నీకు మిషనుంది. నాకు మీ వదినుంది" అనేవాణ్ణి.

నేను కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకుంటూ మా ఆవిడ ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెట్టింది. మర్నాటి నుంచి అన్నం గరిటెతో కాకుండా కప్పుతో పెట్టడం మొదలెట్టింది. ఇంట్లోకి ఒక డిజిటల్ తూకం మిషన్ కూడా కొన్నాం. మొదటి వారం మూడొందల గ్రాములు తగ్గాను, రెండో వారం రెండొందలు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ గ్రౌండ్ చుట్టూ రోజూ గంటసేపు నడిచి, రాత్రి చీలా అట్టు ఒకటి తిని, ఆఫీసులో సమోసా ప్లేటు వచ్చినప్పుడల్లా బాత్రూముకి వెళ్లి, పద్నాలుగు రోజుల తర్వాత నేను సాధించింది అర కిలో. అంటే ఒక చిన్న సొరకాయ.

మిషన్ మీద నుంచి దిగి గోడకి జారబడితే మా ఆవిడ అంది, "అర కిలో అంటే యాభై తులాలండీ. యాభై తులాలు పోతే ఎవరైనా అలా కూచుంటారా, పోలీసు స్టేషన్‌కి పరిగెట్టరూ!"

నవ్వాను గాని ఆ మాట పట్టుకుంది. పోయింది అదే, తులాల్లో చెబితే ఎంత ఘనంగా ఉంది! ఆ సాయంత్రమే మిషన్ బోర్లించి చూస్తే అడుగున చిన్న బొత్తాం కనిపించింది. నొక్కితే కిలోలు పోయి పౌన్లు వచ్చాయి. ఎక్కి చూసుకుంటే రెండొందల పైన! గుండె ఆగినంత పనైంది. ఇంగ్లీషువాడి లెక్కలో కూడా నేను లావే. కాని తగ్గినది కూడా పెరిగిందని తర్వాత తట్టింది. అర కిలో కాస్తా ఒక పౌను పైమాటే. అంతే, మొత్తం ఎంతున్నానో చూడటం మానేశాను. తగ్గింది మాత్రమే చూసుకున్నాను.

ఇప్పుడు ఏమనుకున్నా ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ పౌన్లే లేకపోతే నేను మూడో వారానికి మానేసేవాణ్ణి. కిలోల్లో వారమంతా కదలని అంకె పౌన్లలో కదిలేది. కదిలిన వారం నేనూ కదిలేవాణ్ణి. రైల్వే క్వార్టర్ నుంచి రాజ్‌కిశోర్ నగర్‌లో చెల్లి ఇంటిదాకా, అర్పా నది వంతెన మీదుగా, నడిచి వెళ్లడం అప్పుడే మొదలెట్టాను.

ప్రతి ఆదివారం పొద్దున్నే చెల్లికి వాట్సాప్‌లో అప్పటికి మొత్తం ఎంత తగ్గానో పంపేవాణ్ణి. అది హిందీ మీడియంలో చదువుకుంది, తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరాలు కూడబలుక్కోవాలి. నేను హిందీలో రాస్తే తప్పులు పట్టి వీధంతా వినిపిస్తుంది. అందుకని వట్టి అంకె పంపేవాణ్ణి. 2. 3. 5. ఆఫీసు అలవాటు. నా మనసులో అవి పౌన్లే, ఎవర్నీ మోసం చేసే ఉద్దేశం లేదు. ఏడు పంపిన రోజున వాయిస్ మెసేజ్‌లో దాని గొంతు వచ్చింది.

"ఏడే! అచ్ఛా! ఏడు కిలోలంటే నా మూడు డయాలసిస్‌లు అన్నయ్యా! ఏటి తింటన్నావు, అసలు తింటన్నావా?"

వెనక వాళ్లాయన నవ్వు కూడా వినిపించింది. ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది. కాదే, అవి కిలోలు కావు అని టైపు చేశాను. చెరిపేశాను. ఇంకో నెల గట్టిగా నడిస్తే ఆ ఏడుని నిజం ఏడు చేసెయ్యొచ్చు, అప్పుడు చెప్పాల్సిందే ఉండదు, అనుకున్నాను. తర్వాత అంకెలు పంపినప్పుడు ఆ గొంతు మళ్లీ రెండుసార్లు విన్నాను. కాళ్లకి పొక్కులు లేచేలా నడిచాను. అయినా కిలోలు పౌన్లని అందుకోలేదు. వాటి దూరం వారం వారం పెరిగింది.

పన్నెండు పంపకుండా ఉండాల్సింది. ఆ ఆదివారం ఫోను పట్టుకుని చాలాసేపు కూచున్నాను. చెల్లే ఫోన్ చేసింది, "ఏటి, ఇవాళ అంకె రాలేదు? పెరిగిపోనావా?" అని. పంపేశాను.

మర్నాడే అది రాయ్‌పూర్ ఆసుపత్రిలో ఆపరేషన్ల తేదీలు చూసే మేడమ్‌కి చెప్పేసింది. ఆవిడ మూడు వారాల తర్వాతకి తేదీ ఇచ్చింది. చెల్లి వాళ్లాయన సెలవు పెట్టాడు. చెల్లి బజారుకెళ్లి లీటరు పట్టే స్టీలు గ్లాసు కొనుక్కుంది. కొత్త కిడ్నీ వచ్చాక ఎంత తాగితే అంత మంచిదని డయాలసిస్ హాల్లో ఎవరో చెప్పారట.

ఆ మూడు వారాలు నేనేం తిన్నానో నాకు గుర్తులేదు, తిన్నదేమీ లేదు కాబట్టి. మా ఆవిడ ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడి, "నాకు చెప్పకూడనిది ఏదో ఉంది మీ దగ్గర" అంది. ఆకలి మీద ఉన్నానని చెప్పాను.

రాయ్‌పూర్‌లో చెప్పులు విప్పి, బెల్టు తీసి, జేబుల్లో తాళాలు కూడా తీసి ఎక్కాను. ఎనభై ఐదు పాయింట్ రెండు. మేడమ్ కాగితాలు తిరగేసి, "సర్, ఎనభై అన్నాం కదా" అంది. పక్క కుర్చీలో కూచున్న చెల్లి లేచి వచ్చి, "మీ మిషన్ పాడైంది మేడమ్, మా అన్నయ్య పన్నెండు ఎప్పుడో తగ్గిపోనాడు. ఇంకోసారి చూడండి" అని హిందీలో దెబ్బలాడింది. వాట్సాప్ తీసి నా అంకెలు ఒక్కొక్కటే ఆవిడకి చూపించింది. రెండోసారి ఎక్కాను. మిషన్ పాడవలేదు.

అప్పుడు చెప్పాను. హిందీలో కాదు, తెలుగులో, మేడమ్‌కి అర్థం కాకూడదని.

తిరుగు బండిలో భాటాపారా స్టేషన్ దాటేదాకా అది కిటికీలోంచి బయటికే చూస్తూ కూచుంది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "పౌన్లు కేకులకి కదా అన్నయ్యా" అంది.

నిజమే. మా ఊళ్లో ఏ బేకరీకి వెళ్లినా పౌను కేకా, రెండు పౌన్లా అనే అడుగుతారు. నాకు నవ్వొచ్చింది, దానికి రాలేదు.

"ముందే సెప్తే నేనేటి కొట్టేదాన్నా? ఇంకో రెండు నెలలు ఆగమంటే ఆగేదాన్ని. ఆగడం నాకు వచ్చు. రాని రోజు కోసం గ్లాసు కొనుక్కున్నాను సూడు, అదే బాగోలేదు."

నాతో సరిగా మాట్లాడటానికి దానికి పది రోజులు పట్టింది.

మళ్లీ తేదీ రావాలంటే నేను ముందు ఎనభైకి రావాలి. బొత్తాం నొక్కి కిలోలు పెట్టుకున్నాను. అంత దిగులైన నడక నేనెప్పుడూ నడవలేదు. వారానికి మూడొందలు, ఒక్కోసారి వంద, ఒక వారం ఏమీ లేదు. ఆదివారం అంకె పంపడం ఆపేశాను, అదీ అడగలేదు. ఐదు నెలలు దాటాక ఒక పొద్దున డెబ్భై తొమ్మిది పాయింట్ ఆరు చూసి మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ తులాల్లో ఏమీ చెప్పలేదు.

ఎందుకంటే అప్పటికి చెల్లి ఆసుపత్రిలో ఉంది. డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన గొట్టంలోంచి రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకింది. రెండు వారాల పైన జ్వరం. తగ్గింది గాని గుండెను దెబ్బకొట్టి మరీ తగ్గింది. నా కొత్త బరువు కాగితం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్తే ఆయన మెచ్చుకున్నారు. "మీరు సిద్ధంగా ఉన్నారు. ఆవిడ సిద్ధంగా లేదు. ఈ గుండెతో ఆపరేషన్ తట్టుకోలేదు. చూద్దాం" అన్నారు.

ఆ మొదటి తేదీకే నేను సరిగా ఉండి ఉంటే అని అడిగాను. "అలా లెక్కలు కట్టకండి" అన్నారాయన. నేను చేసే ఉద్యోగం ఆయనకి తెలియదు.

పోయిన నెల ఒక బుధవారం చెల్లిని బిలాస్‌పూర్‌లోనే డయాలసిస్‌కి నేను తీసుకెళ్లాను. వాళ్లాయనకి డ్యూటీ. తూకం దగ్గర అది సొంతంగా నిలబడలేకపోయింది. నర్సు, "భయ్యా, మీరు పట్టుకుని కలిసి ఎక్కండి. మీ బరువు తీసేస్తాను" అంది. ఇద్దరం ఎక్కాం. అది నా చొక్కా పట్టుకుని నిలబడింది. నూట ఇరవై పాయింట్ తొమ్మిది.

"మీదెంత?" అంది నర్సు.

పొద్దున చూసుకున్నాను, తెలుసు. నోరు తెరిచాను.

"సరిగా సెప్పు అన్నయ్యా" అంది చెల్లి, నా భుజం దగ్గర, మెల్లిగా. "నువ్వు సెప్పిందాన్ని బట్టే నీళ్లు తీస్తారు. ఎక్కువ లాగేస్తే బీపీ పడిపోద్ది."

"నేను చెప్పను, నన్ను విడిగా తూచండి" అన్నాను నర్సుతో. ఆవిడ విసుక్కుంటూ చెల్లిని తన భుజానికి ఆనించుకుంది. నేనొక్కణ్ణే మళ్లీ ఎక్కాను. డెబ్భై తొమ్మిది పాయింట్ నాలుగు. నర్సు కాగితం మీద తీసివేసింది. చెల్లి నలభై ఒకటిన్నర. జబ్బు తర్వాత దాని అసలు బరువు నలభై అని మార్చారు. ఒకటిన్నర లీటరు తియ్యాలని రాసుకుని వెళ్లింది.

మంచమ్మీద పడుకోబెట్టాను. మిషన్ తిరగడం మొదలైంది.

"ఇంటికెళ్లి కడుపునిండా తిను" అంది చెల్లి కళ్లు మూసుకుని. "ఇంకెందుకు ఎండిపోతావు?"

"చూద్దాం అన్నారు కదే డాక్టరు."

అది మొహం మిషన్ వైపు తిప్పుకుంది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూచున్నాను. ఇంకా నాలుగు గంటలుంది.