జోగి షెవర్లెట్ బియ్యానికి వెళ్లిన రోజు

యాంగోన్‌లో, అంటే మన పాత రంగూన్‌లో, తామ్వే పేటలోని మా వీధిలో జోగిని బర్మావాళ్లు "షెవర్లెట్ కో జోగి", అంటే షెవర్లెట్ జోగన్న, అని పిలిచేవారు. మన తెలుగువాళ్ల నోట్లో అది "సెవర్లేటు జోగి" అయింది. ఆయన ఇంటిపేరేమిటో పెళ్లిపత్రికలు అచ్చువేయించే రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. తామ్వే నుంచి లత అనే పేట దాకా, లత నుంచి తామ్వే దాకా, ఏళ్ల తరబడి ఒకే బస్సును నడిపిన మనిషి. నేను లతలో ఒక బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. రోజూ ఆ బస్సులోనే వెళ్లేదాన్ని కనుక ఆయన సంగతి నాకు కొంత తెలుసు.

జోగి తండ్రి లింగరాజు గంజాం నుంచి వచ్చి రేవులో మూటలు మోసినవాడు. యుద్ధం ముగిశాక, వెళ్లిపోయిన సైన్యాలు వదిలేసిన లారీలను వేలం వేస్తుంటే, భార్య నగలు తీసుకెళ్లి ఒక షెవర్లెట్ లారీ తెచ్చాడు. అమెరికా కంపెనీవాళ్లు యుద్ధం కోసం కెనడాలోని తమ కార్ఖానాలో చేసిన బండి అది. ముక్కు లోపలికి నొక్కేసినట్టుండేది. కప్పు లేదు, సీట్లు లేవు. లింగరాజు ఒక చీనా వడ్రంగి చేత టేకు చెక్కతో పైభాగమంతా కట్టించి బస్సు చేశాడు.

ఆయన పోయాక, 1962లో బస్సు జోగి చేతికొచ్చింది. సైన్యం అధికారం చేపట్టింది కూడా ఆ ఏడే. రెండేళ్లు తిరిగేసరికి దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు సర్కారువి అయిపోయాయి. మనవాళ్లు ఓడల మీద ఓడలు ఎక్కి వెళ్లిపోయారు. ఒక్క బస్సే ఉన్నవాళ్లను మాత్రం సర్కారు బస్సుల కమిటీ చెప్పినట్టు నడుపుకోమన్నారు. జోగి భార్య సన్యాసమ్మ అన్నదమ్ములు కూడా టిక్కెట్లు తీసుకుని, "మీరూ రండి" అని ఇంటికొచ్చి అడిగారు.

"దీన్ని ఓడెక్కించనిస్తారేటి?" అన్నాడు జోగి బస్సు వైపు చూస్తూ.

"నన్ను ఎక్కించనిస్తారు కదా," అంది సన్యాసమ్మ.

"అయితే నువ్వెల్లు. నాను దీంతో ఉంటాను."

సన్యాసమ్మ వెళ్లలేదు. ఆ మాట పట్టుకుని ఇరవై ఏళ్లు మొగుణ్ని ఏడిపించింది. "నానొకదాన్ని, ఆ ముక్కుచప్పిడిదొకత్తి. మాయిద్దరిలో పెద్దపెళ్లాం అదే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

ఆ తర్వాత దేశం తలుపులు మూసుకుంది. బయటి నుంచి ఒక్క బోల్టు రాదు. మొదట్లో పాత బండ్లను విప్పి, ఆ సామాన్లతో నెట్టుకొచ్చారు. అవీ అయిపోయాక అన్నీ ఇక్కడే చేసుకోవలసి వచ్చింది. పిస్టన్లకు పాత అల్యూమినియం గిన్నెలు కరిగించి పోసేవారు. బ్రేకుల్లో పోసే నూనె దొరక్క ఆముదంలో స్పిరిట్ కలిపి పోసేవాడు జోగి. ఇంజన్‌లో కడ్డీలు ఇరుసును పట్టుకునే చోట లోపలి వైపు ఒక మెత్తటి తెల్లలోహం పూత ఉంటుంది. అది అరిగితే కొత్తగా కరిగించి పోసి, కత్తితో గీకి నునుపు చేయాలి. ఆ విద్యలో జోగి చెయ్యి తిరిగినవాడు. మాండలే నుంచి కూడా షెవర్లెట్ బస్సులవాళ్లు వచ్చేవారు. ఆ లోహం కరిగించడానికి ఆయన వంటింట్లోంచి ఎత్తుకెళ్లిన మూకుళ్లు మళ్లీ పొయ్యెక్కలేదు.

1970 చివర్లో ఒకనాటి నుంచి దేశంలో బండ్లన్నీ ఎడమ పక్కన కాక కుడి పక్కన నడవాలన్నారు. అప్పటిదాకా బస్సు తలుపు ఎడమవైపు ఉండేది. దారి మారేసరికి అది నడిరోడ్డు వైపుకొచ్చింది. దిగేవాళ్లు ఎదురొచ్చే లారీల మీదకు దిగాలి. జోగి మూడు రోజులు బస్సు ఆపి, కుడి గోడ కోసి అక్కడ తలుపు పెట్టాడు. ఎడమ వైపు తలుపు చోటును చెక్కతో మూసేశాడు. స్టీరింగు మాత్రం కుడివైపే ఉండిపోయింది. అందుకని ముందున్న బండిని దాటాలంటే ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు తల బయటపెట్టి చూసి, "పోనీ" అనాలి. ఎన్నోసార్లు ఆ పని నేనే చేశాను.

దారిలో బస్సు ఆగినప్పుడల్లా జోగి ఒక కథ చెప్పేవాడు. ఎప్పుడో అమెరికా లైబ్రరీ నుంచి ఎవరో తెచ్చిన పాత పత్రికలో చదివాడట. షెవర్లెట్ అన్నది ఒక మనిషి పేరు. స్విట్జర్లాండులో పుట్టి, సైకిళ్లు బాగుచేస్తూ పెరిగి, సముద్రం దాటి అమెరికా వెళ్లి పందెం కార్లు నడిపాడు. ఒక వ్యాపారి ఆయన పేరు మీద కారు పెట్టాడు. కొన్నాళ్లకే ఇద్దరికీ పడలేదు. ఈయన తన వాటా వదులుకుని బయటికొచ్చేశాడు. కంపెనీ కొండంతయింది. ఈయన చేతిలో ఉన్నదంతా పోయి, చివరికి తన పేరున్న ఆ కార్ఖానాలోనే మెకానిక్‌గా పనికి చేరాడు.

"పాపం," అనేవారు ఎక్కినవాళ్లు.

జోగికి ఆ మాట నచ్చేది కాదు. "పాపమేటి? సేతిలో పనున్నోడు సెడిపోనాడంటారేటి?" అనేవాడు.

ఇలా నడుస్తుండగా 1988 వచ్చింది. సైనిక పాలన పోవాలని ఆగస్టులో ఊరంతా సమ్మె కట్టింది. ఊరేగింపుల మీద కాల్పులు జరిగాయి. మా పక్క వీధిలో ఇద్దరు పోయారు. కొద్దిరోజులకు సర్కారు మనుషులు వీధుల్లో కనబడటం మానేశారు. ప్రతి వీధీ తన కాపలా తానే పెట్టుకుంది. మా వీధి మొదట్లో దుంగలు, డ్రమ్ములు అడ్డం వేసి, వాటి వెనక జోగి బస్సు నిలబెట్టారు. అడిగితే జోగి కాదనలేదు. ఒక చక్రం కింద తనే రాయి పెట్టాడు.

వీధి కాపలా కమిటీ పెద్ద పేరు ఊ తెయిన్ మాంగ్. ఉద్యోగం మానుకున్న బడిపంతులు. అందరం "సయా" అనేవాళ్లం, అంటే పంతులుగారని. నెలాఖరుకు వీధిలో బియ్యం నిండుకున్నాయి. సర్కారు బియ్యం కొట్టు తలుపులు వేసి మూడు వారాలైంది. కొన్ని ఇళ్లలో పిల్లలకు గంజి కూడా పలచబడింది. ఒకరోజు మధ్యాహ్నం సయా జోగి ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చున్నారు. నేనూ అక్కడే ఉన్నాను.

"హ్లేగూలో మా మరదలి భర్తకు బియ్యం మిల్లు ఉంది," అన్నారాయన. "పోతే ఇస్తాడు. తేవడానికి బండి లేదు. నిన్ను అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు, కో జోగీ."

మొహం చెల్లకపోవడం ఎందుకో మాకు తెలుసు. జోగి ఇక్కడే పుట్టినా ఆయన దగ్గరున్నది విదేశీయుల కార్డు. ఆ కార్డువాళ్లు అనుమతి కాగితం లేకుండా ఊరు దాటకూడదు. హ్లేగూ ఇరవై ఎనిమిది మైళ్లు. రేపు మళ్లీ సర్కారు లేచి నిలబడితే, అడిగే మొదటి ప్రశ్న ఎవరు ఎక్కడికి వెళ్లారనే.

జోగి లోపలికెళ్లి సన్యాసమ్మతో అన్నాడు: "పట్టుకుంటే బండి పోద్ది. నన్నూ ఓడెక్కించీస్తారు."

సన్యాసమ్మ చేట పక్కన పెట్టింది. "మన కూతురు తాయారుకి జెరమొచ్చినప్పుడు దాన్ని ఆస్పత్రికి ఎవులు మోసినారు? ఈ ఈదే కదా మోసింది. నువ్వు బండి కాడ ఉన్నావు, నీకు తెల్దు. నానుండాను, నాకు తెలుసు. ఎల్లు మావా. ఓడెక్కిస్తే నానూ ఎక్కుతాను, ఈపాలి ఆ పెద్దపెళ్లాన్ని ఒగ్గీసి."

జోగి బయటికొచ్చాడు. "పెట్రోలు లేదు సయా," అన్నాడు. వెళ్తానని ఆయన చెప్పిన తీరు అది.

సాయంత్రానికి ఇంటింటి నుంచీ పెట్రోలు వచ్చింది. సీసాల్లో, మరచెంబుల్లో, ఒకరింటి నుంచి పిల్లల పాలడబ్బాలో. ప్రతిదీ జోగి మూత తీసి వాసన చూసి, గుడ్డలో వడగట్టి పోశాడు. తెల్లారుతూనే బయల్దేరాం. సయా, కాపలాకు ఇద్దరు, బియ్యం కొలవడానికి నేను.

పోయేటప్పుడు వాన తప్ప ఏ ఇబ్బందీ లేదు. మిల్లు ఆయన మంచివాడు. నలభై బస్తాలు ఎక్కించి, సీట్ల మధ్య చోటు చాలక రెండు పైకప్పు మీద కట్టాడు. తిరుగుదారిలో మూడు మైళ్లు వచ్చామో లేదో, ఇంజన్‌లోంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది. జోగి వెంటనే ఆపేశాడు.

"తెల్లలోహం పోనాది," అన్నాడు నాతో. "ఇలాగే నడిపితే కడ్డీ ఇరిగి ఇంజన్ని పొడిచీసుద్ది."

దగ్గరలో ఊరు లేదు. పొలాలు, వాన. జోగి కాసేపు బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత సయా కాళ్ల వైపు చూశాడు.

"సయా, మీ చెప్పులు అసలు తోలేనా?"

"అసలు తోలే. మా అల్లుడు కొన్నాడు. ఏం?"

"నాకు ఒకటి కావాలి."

సయా రెండూ విడిచి ఇచ్చేశారు. "ఒక్కటి నేనేం చేసుకుంటాను?" అన్నారు.

జోగి ఇంజన్ నూనె బకెట్‌లోకి దించి, బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. పొలంలో నాట్లు వేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆయన మీద తాటాకు గొడుగులు పట్టారు. ఆయన అడుగు మూత విప్పి, కడ్డీ పట్టు ఊడదీసి, అరిగిన లోహం గీకేశాడు. చెప్పు అట్టలోంచి సన్నటి పట్టీ కోసి, నూనెలో నానబెట్టి, ఇరుసు చుట్టూ చుట్టి, పట్టు, అడుగు మూత మళ్లీ బిగించి, బకెట్‌లోని నూనె తిరిగి పోశాడు. రెండు గంటలు పట్టింది. బురదలోంచి లేచి హ్యాండిల్ తిప్పితే ఇంజన్ అందుకుంది. చప్పుడు లేదు. గొడుగులు పట్టిన ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"నడిచే మనిషంత జోరుగా పోవాలి. తొందరపడకండి," అన్నాడు జోగి.

అలా పాక్కుంటూ తౌక్చాన్ చేరేసరికి పొద్దు వాలింది. అక్కడ వెదుళ్లు అడ్డంపెట్టి, తలకు ఎర్రగుడ్డలు కట్టిన ఆ ఊరి కాపలావాళ్లు ఆపారు. ఒకడి చేతిలో కత్తి ఉంది. నీళ్లలో విషం కలుపుతున్నారనీ సర్కారు గూఢచారులు తిరుగుతున్నారనీ రోజుకో పుకారు పుడుతున్న కాలం. తెలియని ముఖం, పైగా భారతీయుడి ముఖం, వెనక బస్తాల బియ్యం. "ఎవరి బియ్యం? కార్డేది?" అన్నాడు కత్తివాడు. సయా చెబుతున్నా వినిపించుకోలేదు. జోగి చొక్కా జేబులోంచి కార్డు తీయబోయాడు.

గుంపులోంచి ఒక ముసలావిడ ముందుకు తోసుకొచ్చింది. బుగ్గల మీద తనాఖా గంధం, నోట్లో చుట్ట. బస్సు ముక్కును అరచేత్తో తట్టింది.

"ఇది తామ్వే బస్సు," అంది. "పన్నెండేళ్లు నా పూలబుట్ట దీని మెట్టు మీదే లతకు వెళ్లింది. ఈయన ఒక్కనాడు కూడా నన్ను వదిలేసి పోలేదు. వానలో కూడా ఆగేవాడు. కత్తి దించరా."

కత్తి దిగింది. వెదుళ్లు లేచాయి. ఆమె పేరేమిటో జోగికి తెలియదు, ఆయన పేరు ఆమెకు తెలియదు. "పూలామె" అనే ఆయన ఇంట్లో చెప్పుకునేవాడు. ఆమెకు ఒక సంచి బియ్యం ఇవ్వబోతే తీసుకోలేదు.

రాత్రంతా అలాగే పాక్కుంటూ, తెల్లారకముందే వీధిలోకి వచ్చాం. సయా చెప్పులు లేకుండా దిగారు. బియ్యం ఇంటింటికీ మనిషిని బట్టి కొలిచి ఇచ్చాను. ఆ పూట వీధి అంతా అన్నం వాసన. సన్యాసమ్మ మొగుడికి వేడినీళ్లు పెట్టి, వీపు మీది బురద తోమింది. "ఓలమ్మ, పొలం దున్ని వచ్చినట్టున్నావు," అంది. ఆయన కూర్చునే నిద్రపోయాడు.

సెప్టెంబరు పద్దెనిమిదిన సైన్యం మళ్లీ అధికారం తీసుకుంది. అడ్డంకులు తీసేయాలనీ, లేకపోతే ఏ బండి అడ్డం కనిపిస్తే దాన్ని పట్టుకుపోతామనీ మైకుల్లో చెప్పారు. బస్సులో చుక్క పెట్రోలు లేదు. మర్నాడు ఉదయాన్నే వీధి వీధంతా, ముసలివాళ్లతో సహా, భుజాలు ఆన్చి బస్సును తోసి జోగి పెరట్లోకి చేర్చింది. అక్టోబరులో అధికారులు వచ్చి, ఊరు దాటింది ఎవరని ఇంటింటికీ వెళ్లి అడిగారు. యాభై మూడు ఇళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. సయాను రెండుసార్లు పిలిపించి కూర్చోబెట్టారు. ఆయన తనకు మతిమరుపని చెప్పి వచ్చారు.

ఆ తర్వాత ఆ తోలు తీసి మళ్లీ లోహం పోసుకున్నాడు జోగి. బస్సు ఇంకో తొమ్మిదేళ్లు నడిచింది. జపాన్ పాత బస్సులు రావడం మొదలయ్యాక, కళ్లు మసకబారాక, దాన్ని బాగో అనే ఊరి దగ్గర ఇటుకల బట్టీ నడిపే మనిషికి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు బాధపడతాడేమో అనుకున్నాం. జోగి ఆ బట్టీ మనిషికి రెండు రోజులు దగ్గరుండి అన్నీ నేర్పించి వచ్చాడు.

"ఇంక ఏటి సేస్తావు మావా?" అని సన్యాసమ్మ అడిగింది.

"పాత ఇంజన్లు ఇంకా నలబై ఉన్నాయి ఈ ఊర్లో," అన్నాడాయన. మర్నాడు అరుగు పక్కన రేకుల షెడ్డు వేయించాడు.

నేను బడి నుంచి వచ్చేసరికి రోజూ అక్కడ ఏదో ఒక బండి నిలబడి ఉండేది. బల్ల మీద ఒకవైపు టీ, ఒకవైపు గీకుడు కత్తి. పక్కనే సయా వార్తాపత్రిక చదువుతూ కూర్చునేవారు. తాయారు కొడుక్కి అన్నం పెడుతూ సన్యాసమ్మ లోపలి నుంచి ఏదో ఒకటి అంటూనే ఉండేది. జోగి వినేవాడు, నవ్వేవాడు, పనిలోంచి తల ఎత్తేవాడు కాదు.